అమెరికా దంతవైద్య బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ: తెలుగు బీడీఎస్ పట్టభద్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బీడీఎస్ పూర్తిచేసి అమెరికాలో వృత్తిని కొనసాగించాలనుకునేవారి నుంచి కొన్ని సందేహాలు ప్రతి ఏడాదీ దాదాపు అవే మాటలతో వస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చి, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నగా ఉంచి, కింద సమాధానం రాశాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గర నుంచే చదువుకోవచ్చు.

## తొలి సందేహాలు

ఐఎన్‌బీడీఈ పాసైతే అమెరికాలో నేరుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చా?

పెట్టుకోలేరు. ఐఎన్‌బీడీఈ అనేది అమెరికాలో దంతవైద్య లైసెన్సుకు అవసరమైన జాతీయస్థాయి రాతపరీక్ష మాత్రమే. దీనిని నిర్వహించే జాయింట్ కమిషన్‌కు లైసెన్సు ఇచ్చే అధికారం లేదు. ఆ అధికారం ఆయా రాష్ట్రాల డెంటల్ బోర్డులది. చాలా రాష్ట్రాలు రాతపరీక్షతో పాటు అమెరికాలో గుర్తింపు పొందిన కళాశాల నుంచి డీడీఎస్ లేదా డీఎండీ పట్టాను, క్లినికల్ నైపుణ్య పరీక్షను కూడా కోరతాయి. అందువల్ల మన బీడీఎస్ పట్టభద్రులలో అత్యధికులు నడిచే దారి ఇలా ఉంటుంది: ముందు ఐఎన్‌బీడీఈ, ఆ తరువాత విదేశీ పట్టభద్రులను మధ్యలో చేర్చుకుని డీడీఎస్ లేదా డీఎండీ పట్టా ఇచ్చే రెండు నుంచి మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు, ఆపైన క్లినికల్ పరీక్ష, చివరికి రాష్ట్ర లైసెన్సు.

మా సీనియర్లు పార్ట్ వన్, పార్ట్ టూ అని రెండు పరీక్షలు రాశామన్నారు. ఇప్పుడు అవి లేవా?

లేవు. పాత ఎన్‌బీడీఈలో మొదటి భాగం ప్రాథమిక వైద్యశాస్త్రాలకు, రెండవ భాగం క్లినికల్ విషయాలకు ఉండేవి. 2020 ఆగస్టు 1 నుంచి ఆ రెండింటి స్థానంలో ఐఎన్‌బీడీఈ అనే ఒకే సమీకృత పరీక్ష మొదలైంది. పాత భాగాలను ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా ఆపివేశారు. ఈ మార్పు పేరుకే పరిమితం కాలేదు. పాత పరీక్షలో నరాల శాఖలను వరుసగా అప్పజెప్పగలిగినవారికి మార్కులు వచ్చేవి. ఇప్పుడు అదే నరాన్ని, కింది పెదవి మొద్దుబారిందని చెబుతున్న ఒక పేషెంటు ఎదుట కూర్చున్నప్పుడు గుర్తుపట్టాలి. కాబట్టి సీనియర్లు ప్రేమతో ఇచ్చిన పాత నోట్సు పాఠ్యాంశాల పునశ్చరణకు పనికివస్తాయి గానీ ప్రశ్నల తీరును అర్థం చేసుకోవడానికి సరిపోవు.

మార్కులు ఎక్కువ వస్తే మంచి యూనివర్సిటీలో సీటు వస్తుందా?

ఐఎన్‌బీడీఈలో పాసైనవారికి మార్కులు చెప్పరు. ఫలితపత్రంలో ఉత్తీర్ణులు అని మాత్రమే ఉంటుంది. స్కోరును 49 నుంచి 99 వరకు ఉన్న కొలమానం మీద లెక్కిస్తారు, 75 వస్తే ఉత్తీర్ణత. ఈ 75ను నూటికి 75 శాతం అని చాలామంది పొరబడి భయపడుతుంటారు. ప్రశ్నపత్రాల కఠినత్వంలోని తేడాలను సరిచేసిన తరువాత వచ్చే స్కేల్డ్ స్కోరు అది, శాతం కాదు. ర్యాంకుల చదువుకు అలవాటుపడిన మనకు దీనిని మనసుకు పట్టించుకోవడం కష్టమే అయినా, ఈ పరీక్షలో మీరు ఎవరితోనూ పోటీ పడడం లేదు. సీటును నిర్ణయించేవి మీ బీడీఎస్ మార్కులు, అనుభవం, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ, చేతి పనితనం.

ఇండియాలో ఎండీఎస్ కూడా చేశాను. నాకు ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుందా?

ఐఎన్‌బీడీఈ నుంచి మినహాయింపు ఉండదు. ఎండీఎస్ చేసినవారు తమ ప్రత్యేక విభాగంలో చాలా లోతుగా చదివి ఉంటారు, అయితే ఈ పరీక్ష సాధారణ దంతవైద్యుడికి ఉండవలసిన జ్ఞానాన్ని అన్ని వైపుల నుంచీ అడుగుతుంది. పదేళ్లు ఆర్థోడాంటిక్స్ మాత్రమే చేసినవారికి ఫార్మకాలజీ కొత్తగా కనిపించడం సహజం. మీ బలమైన విభాగానికి తక్కువ సమయం కేటాయించి, వదిలేసిన విభాగాల నుంచి చదువు మొదలుపెట్టండి.

పెళ్లయి హెచ్4 వీసా (భర్త పని వీసా మీద ఆధారపడిన వీసా) మీద వచ్చాను. ఆరేళ్ల గ్యాప్ ఉంది, చిన్న పాప ఉంది. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం కాదా?

ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది, ఎక్కువగా రాత్రి పదకొండు దాటాక వస్తుంది. ఐఎన్‌బీడీఈ రాయడానికి వయోపరిమితి లేదు, పట్టా వచ్చి ఇన్నేళ్లలోపు రాయాలన్న గడువు కూడా లేదు. హెచ్4 మీద ఉన్నవారు పరీక్ష రాయవచ్చు, కోర్సులో చేరి చదువుకోవచ్చు. జీతానికి పనిచేయడానికి మాత్రం పని అనుమతి కావాలి. గ్యాప్ గురించి అసలు ఇబ్బంది రాతపరీక్షలో రాదు, ఆ తరువాత అడ్మిషన్ల దశలో వస్తుంది, ఎందుకంటే ఇన్నేళ్లూ వృత్తితో సంబంధం ఎలా నిలుపుకున్నారని అక్కడ అడుగుతారు. అందుకని చదువు మొదలుపెట్టిన నెలలోనే మీ ఊళ్లోని ఒక డెంటల్ క్లినిక్‌లో పరిశీలకురాలిగా కూర్చునే అవకాశం అడగండి, లేదా ఉచిత దంతవైద్య శిబిరాలలో స్వచ్ఛందంగా చేరండి. వారానికి ఒక పూట అయినా చాలు. రోజుకు మూడు గంటలు స్థిరంగా చదవగలిగిన ఒక తల్లి, రోజుకు పది గంటలు చదువుతానని పట్టిక వేసుకుని వారంలో మానేసినవారికంటే ముందుగా ఈ పరీక్ష పాసవడం నేను చూశాను.

## కాగితాలు, అర్హత

డెంట్‌పిన్, ఈసీఈ, దరఖాస్తు: వీటిలో ఏది ముందు?

ముందుగా డెంట్‌పిన్ తీసుకోండి. అది మిమ్మల్ని గుర్తించే ఉచిత సంఖ్య. పరీక్షకూ, తరువాతి అడ్మిషన్ దరఖాస్తులకూ అదే ఉపయోగపడుతుంది. రెండవ మెట్టు, మీ బీడీఎస్ ట్రాన్స్‌క్రిప్టులను ఈసీఈ అనే సంస్థ ద్వారా మదింపు చేయించి, ఆ నివేదిక పరీక్ష నిర్వాహకులకు చేరేలా చూడడం. మూడవది పరీక్ష దరఖాస్తు, రుసుము. విదేశీ కళాశాలల్లో చదివినవారు మామూలు రుసుముతో పాటు అదనపు ప్రాసెసింగ్ రుసుము కూడా చెల్లించాలి. ఈ మూడింటిలో మన చేతిలో లేనిది ట్రాన్స్‌క్రిప్టు ఒక్కటే. కళాశాల నుంచి యూనివర్సిటీకి, అక్కడి నుంచి మదింపు సంస్థకు కాగితం చేరడానికి నెలలు పట్టిన సందర్భాలు ఉన్నాయి. అందుచేత చదువు మొదలుపెట్టకముందే ట్రాన్స్‌క్రిప్టుకు దరఖాస్తు చేయండి, వీలైతే ఇండియాలో ఉండగానే అదనపు సీల్డ్ కవర్లు కూడా తీసుకోండి.

మా యూనివర్సిటీ పేరు మారింది. పట్టా మీద ఒక పేరు, ట్రాన్స్‌క్రిప్టు మీద ఇంకో పేరు ఉంటే తిరస్కరిస్తారా?

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. అలాగే వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడకముందు తెలంగాణ కళాశాలల్లో చేరినవారి పట్టాలు విజయవాడ విశ్వవిద్యాలయం పేరుతోనే ఉంటాయి. అమెరికాలో కూర్చుని మీ కాగితాలు చూసే ఉద్యోగికి ఈ చరిత్ర తెలియదు కాబట్టి, అడగకముందే వివరించడం మంచిది. పేరు మార్పును ధ్రువీకరిస్తూ యూనివర్సిటీ ఇచ్చే లేఖ గానీ, ప్రభుత్వ ఉత్తర్వు ప్రతి గానీ ట్రాన్స్‌క్రిప్టుకు జతచేయించండి.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. పెళ్లి తరువాత భర్త ఇంటిపేరు కూడా చేరింది. ఏ పేరుతో దరఖాస్తు చేయాలి?

పరీక్ష రోజున మీరు చూపించబోయే గుర్తింపుకార్డు మీద ఏ పేరుందో, అక్షరం తేడా లేకుండా ఆ పేరుతోనే దరఖాస్తు చేయాలి. పరీక్ష జరిగే ప్రోమెట్రిక్ సంస్థ కేంద్రంలో రెండు గుర్తింపుకార్డులు చూపించాలి: ఫోటో, సంతకం ఉన్న ప్రభుత్వ కార్డు ఒకటి, సంతకం ఉన్న మరొక కార్డు. పేరు సరిపోలకపోతే లోపలికి పంపరు, కట్టిన రుసుము తిరిగి రాదు.

తెలుగువారికి ఈ చిక్కు ప్రత్యేకంగా ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు, సర్టిఫికెట్లలో దానిని ఒక్క అక్షరానికి కుదించడం, అమెరికా పత్రాలలో అది చివరికి వెళ్లడం, పెళ్లితో మారడం అన్నీ కలిసి ఒకే మనిషికి నాలుగు పేర్లు తయారవుతాయి. నాకు తెలిసిన ఒక డాక్టరుగారికి డ్రైవింగ్ లైసెన్సు మీద మధ్యపేరు కలిసిపోయి ముద్రితమవడంతో పరీక్ష గుమ్మం దగ్గరి నుంచి వెనక్కి రావలసి వచ్చింది. ఏడు నెలల చదువు తరువాత ఆ రోజు ఆమె పడిన బాధ మాటల్లో చెప్పలేనిది. కాబట్టి పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని, డెంట్‌పిన్, దరఖాస్తు, రెండవ కార్డు అన్నిటినీ దానికి సరిపోల్చండి. పట్టా మీద పాత పేరుంటే, రెండు పేర్లూ ఒకరివేనని తెలిపే వివాహ ధ్రువపత్రం లేదా పేరు మార్పు పత్రం జతచేయండి.

ఈ పరీక్ష హైదరాబాద్‌లో రాయవచ్చా?

ఐఎన్‌బీడీఈని ప్రోమెట్రిక్ సంస్థ కేంద్రాలలో అమెరికాలోను, దాని అధీన ప్రాంతాలలోను, కెనడాలోను నిర్వహిస్తూ వచ్చారు. హైదరాబాద్‌లో ప్రోమెట్రిక్ కేంద్రం ఉంది కదా అన్న ఆశతో వీసా ఏర్పాట్లు వాయిదా వేయవద్దు. దరఖాస్తు చేసే ఏడాది అధికారిక గైడ్‌లో కేంద్రాల జాబితా చూసుకుని నిర్ణయించుకోండి. ఇండియా నుంచి వెళ్లి రాయాలనుకునేవారు సందర్శక వీసా ఇంటర్వ్యూలో పరీక్ష కోసమే వెళ్తున్నామన్న విషయాన్ని దాచకుండా, ఆధారాలతో చెప్పడమే క్షేమం.

అర్హత వచ్చిందని మెయిల్ వచ్చింది. ఎప్పటిలోగా రాయాలి?

అర్హత లభించినప్పటి నుంచి ఆరు నెలలలోపు పరీక్ష రాయాలి, లేకపోతే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. అందుకే కాగితాల పని ముందుగా పూర్తిచేసుకున్నా, ఆఖరి దరఖాస్తును మాత్రం చదువు సగం దాటిన తరువాతే పంపడం నా సలహా. పెద్ద నగరాల్లో వరుసగా రెండు రోజులకు స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి మెయిల్ వచ్చిన రోజే తేదీ పట్టుకోండి.

## చదువు

ఎన్ని నెలలు చదవాలి?

ఇంటర్న్‌షిప్ ముగించి ఏడాది కూడా కానివారికి, రోజుకు ఐదారు గంటలు కేటాయించగలిగితే నాలుగైదు నెలలు సరిపోతాయి. ఐదేళ్లకు పైగా గ్యాప్ ఉన్నవారు, లేదా రోజుకు మూడు గంటలే దొరికేవారు ఎనిమిది నుంచి పది నెలలు అనుకోవాలి. అంతకంటే సాగదీస్తే మొదట చదివింది మరుపున పడుతుంది.

నీట్ ఎండీఎస్ కోసం రెండేళ్లు చదివాను. ఆ చదువే సరిపోదా?

విషయజ్ఞానం చాలావరకు పనికివస్తుంది, ప్రశ్నను చదివే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. నీట్ ఎండీఎస్‌లో ప్రశ్న సాధారణంగా ఒక వాక్యం. అందులో ఒక పేరో, సంవత్సరమో, అంకెనో గుర్తుంటే సమాధానం వస్తుంది. ఐఎన్‌బీడీఈలో వర్గీకరణను ఎవరు ప్రతిపాదించారని దాదాపు అడగరు. ఆ వర్గీకరణ ప్రకారం ఈ పేషెంటు చిగుళ్ల వ్యాధి ఏ దశలో ఉంది, ఇప్పుడు ఏం చేస్తారు అని అడుగుతారు.

పరీక్ష నిర్మాణం కూడా సబ్జెక్టులవారీగా ఉండదు. రోగనిర్ధారణ, చికిత్సా ప్రణాళికకు సుమారు 36 శాతం, నోటి ఆరోగ్య నిర్వహణకు సుమారు 42 శాతం, వృత్తి నిర్వహణకు సుమారు 22 శాతం ప్రశ్నలు ఉంటాయి. ఈ మూడు భాగాలలో 56 క్లినికల్ అంశాలను, వాటికి ఆధారమైన పది పునాది జ్ఞానరంగాలతో కలిపి అడుగుతారు. అనాటమీ పుస్తకం పూర్తిచేసి మూసేసి ఫార్మకాలజీ తెరవడం అనే మన పద్ధతికి బదులు, ఒక వ్యాధిని తీసుకుని దాని సూక్ష్మజీవులు, రక్షణవ్యవస్థ స్పందన, ఎక్స్‌రే రూపం, మందు, చికిత్స, పేషెంటుకు చెప్పవలసిన మాట అన్నీ ఒకే కూర్చోవడంలో చదివితే ఈ పరీక్షకు చదివినట్టు అవుతుంది.

పేషెంట్ బాక్స్ ప్రశ్నలు చూస్తే కంగారుగా ఉంది. వాటిని ఎలా చదవాలి?

పేషెంట్ బాక్స్‌లో పేషెంటు వయసు, లింగం, ఏ బాధతో వచ్చారు, వైద్య చరిత్ర, ప్రస్తుతం కనిపించిన లక్షణాలు వరుసగా ఉంటాయి. మనవాళ్లు చేసే సాధారణ పొరపాటు నొప్పి ఉన్న పన్ను దగ్గరే ఆగిపోవడం. ఒక ఉదాహరణ చూడండి. 58 ఏళ్ల మహిళకు కింది దవడ పన్ను పైభాగమంతా పుచ్చిపోయింది, కదలడం లేదు, నొప్పి ఉంది. వైద్య చరిత్రలో రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినందున నరం ద్వారా జోలెడ్రోనిక్ యాసిడ్ తీసుకుంటున్నారని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం చదవనివారు పన్ను తీసేయాలని సమాధానం గుర్తిస్తారు. చదివినవారికి, పన్ను పీకితే ఆ దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం గుర్తుకు వచ్చి, రూట్ కెనాల్ చేసి వేరును అక్కడే ఉంచే మార్గం కనిపిస్తుంది.

కాబట్టి వైద్య చరిత్ర, మందులు ముందు చదవండి, ఆ తరువాత బాధను, ఆపైన నోటిని పరీక్షించినప్పుడు కనిపించిన లక్షణాలను చదవండి. ప్రతి మందు పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇది నా చికిత్సను ఎలా మారుస్తుంది అని ప్రశ్నించుకోండి. ప్రొప్రనలాల్ వంటి మందు వాడుతున్న పేషెంటుకు ఎపినెఫ్రిన్ ఉన్న మత్తుమందు ఎక్కువ ఇస్తే రక్తపోటు పెరిగే ప్రమాదం ఉంటుంది; రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ఉంటే, గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో తెలిపే ఐఎన్‌ఆర్ విలువ కోసం చూపు వెళ్లాలి. ఉస్మానియా పక్కన అఫ్జల్‌గంజ్ డెంటల్ కాలేజీలోనో, విజయవాడలోనో ఓపీలో వరుసగా నిలబడ్డ పేషెంట్లను చూసిన అనుభవం మీకుంది. ఆ రద్దీలో అడగడానికి తీరిక దొరకని ప్రశ్నలే ఇక్కడ మార్కులు తెస్తాయి.

పంటి నంబర్లు, మందుల పేర్లు వేరుగా ఉంటాయంటారు. ఎంత తేడా?

పేషెంటు అదే, పన్ను అదే, పిలిచే తీరు వేరు. మనం వాడే రెండంకెల పద్ధతిలో 36 అంటే ఎడమ కింది మొదటి దవడపన్ను. అమెరికాలో దానిని 19 అంటారు. అక్కడ కుడి పై జ్ఞానదంతంతో 1 మొదలుపెట్టి, పై వరుసంతా లెక్కించి, ఎడమ కింది జ్ఞానదంతానికి 17 ఇచ్చి, కుడి కింది జ్ఞానదంతం దగ్గర 32తో ముగిస్తారు. పాలపళ్లకు అంకెలకు బదులు ఆంగ్ల అక్షరాలు వాడతారు. ప్రమాదం ఎక్కడంటే, రెండు పద్ధతులలోనూ ఉండే అంకెల దగ్గర. మనకు 18 అంటే కుడి పై జ్ఞానదంతం, వారికి ఎడమ కింది రెండవ దవడపన్ను. మనకు 11 అంటే ముందుపన్ను, వారికి ఎడమ పై కోరపన్ను. మొదటి వారంలోనే ఒక చార్టు గీసి గోడకు అంటించి, మీ సొంత పళ్లను అద్దంలో చూసుకుంటూ లెక్కించడం అలవాటు చేసుకోండి.

మందులలో లిగ్నోకెయిన్ అక్కడ లిడోకెయిన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పారాసిటమాల్ అసిటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటరాల్ అవుతాయి.

మత్తుమందు మోతాదు లెక్కలు ప్రతిసారీ తప్పుతున్నాయి. తేలిక దారి ఉందా?

మనలో చాలామంది 30 మిల్లీలీటర్ల వయల్ నుంచి సిరంజిలోకి తీసుకుని ఇవ్వడం నేర్చుకున్నాం, అందులో అడ్రినలిన్ తరచుగా 1:80,000 ఉంటుంది. అమెరికాలో లెక్కంతా కార్ట్రిడ్జిలలో నడుస్తుంది, సాధారణంగా 1.8 మిల్లీలీటర్లు, 1:100,000. ఇక సూత్రం ఒక్కటే గుర్తుంచుకోండి: రెండు శాతం అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, కాబట్టి ఒక కార్ట్రిడ్జిలో 36 మిల్లీగ్రాముల లిడోకెయిన్ ఉంటుంది. 20 కిలోల బిడ్డకు కిలోకు 4.4 మిల్లీగ్రాముల పరిమితి తీసుకుంటే మొత్తం 88 మిల్లీగ్రాములు. 36తో భాగిస్తే రెండున్నరకు కొంచెం తక్కువ, అంటే రెండు కార్ట్రిడ్జిలు నిండుగా ఇవ్వవచ్చు, మూడు ఇవ్వకూడదు. గుండెజబ్బు ఉన్నవారికి ఎపినెఫ్రిన్ పరిమితి 0.04 మిల్లీగ్రాములు, ఒక కార్ట్రిడ్జిలో 0.018 ఉంటుంది కాబట్టి అక్కడ కూడా రెండే. ప్రతిరోజూ ఇలాంటి లెక్కలు ఐదు కాగితం మీద వేయండి.

మనం ఇండియాలో చేసే చికిత్సకూ అక్కడి సరైన సమాధానానికీ ఎక్కడ తేడా వస్తుంది?

అన్నిటికంటే ముందు యాంటీబయాటిక్ దగ్గర. పంటి నరం వాచి విపరీతమైన నొప్పి ఉన్న ఆరోగ్యవంతుడికి మన క్లినిక్‌లలో అమాక్సిసిలిన్ రాయడం అలవాటుగా జరిగిపోతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాల ప్రకారం అటువంటి పేషెంటుకు యాంటీబయాటిక్ అవసరం లేదు, చికిత్స చేయాలి. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారికి చికిత్సకు అరగంట నుంచి గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ ఇవ్వాలన్నది మీరు చదివే ఉంటారు. పెన్సిలిన్ పడనివారికి ప్రత్యామ్నాయంగా మనం నేర్చుకున్న క్లిండమైసిన్‌ను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో సిఫారసు నుంచి తొలగించింది. పాత నోట్సు చదివేవారు తప్పే చోటు ఇది.

ఫ్లోరైడ్ ఇంకొకటి. నల్గొండ పల్లెల్లో వంగిన ఎముకలను, గోధుమరంగు మచ్చలున్న పళ్లను చూసిన మనకు ఫ్లోరైడ్ అంటే నీటిలో నుంచి తొలగించవలసిన విషం. అందుకు వాడే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా నల్గొండ పేరే ఉంది. అమెరికాలో చాలా ప్రాంతాల్లో అదే ఫ్లోరైడ్‌ను పళ్లు పుచ్చకుండా నీటిలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా సరిచేస్తారు. తాగే నీటిలో అది 0.3 కంటే తక్కువ ఉన్నప్పుడు, పుచ్చు ప్రమాదం ఎక్కువగా ఉన్న పిల్లలకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు రోజుకు 0.25, మూడు నుంచి ఆరేళ్లకు 0.5, ఆరు నుంచి పదహారేళ్లకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఇస్తూ వచ్చారు. ఈ పట్టిక కంఠస్థం కావాలి.

నైతికత, చట్టాలు, ఇన్సూరెన్సు మనకు ఎప్పుడూ నేర్పలేదు. వీటిని వదిలేస్తే ఏమవుతుంది?

వృత్తి నిర్వహణ భాగం ఐదింట ఒక వంతుకు పైగా ఉంటుంది కాబట్టి వదిలేస్తే ఉత్తీర్ణతే ప్రమాదంలో పడుతుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే భాగం ఇదే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెప్పే ఐదు సూత్రాలను, అంటే పేషెంటు స్వేచ్ఛ, హాని చేయకుండుట, మేలు చేయుట, న్యాయం, సత్యం అనేవాటిని ఉదాహరణలతో చదవండి. అరవై ఏళ్ల తండ్రికి ఏ చికిత్స చేయాలో కొడుకు నిర్ణయించడం మన ఊళ్లలో మామూలు. పరీక్షలో మాత్రం స్పృహలో ఉండి అర్థం చేసుకోగలిగిన ఆ తండ్రే నిర్ణయించాలి, కొడుకుకు వివరాలు చెప్పాలన్నా ఆయన అనుమతి కావాలి. పేషెంటు వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం నేర్పేది ఈ రెండో విషయాన్నే. బిడ్డపై హింస జరిగిందన్న సహేతుకమైన అనుమానం కలిగితే, రుజువు కోసం ఆగకుండా సంబంధిత సంస్థకు తెలియజేయడం అక్కడి దంతవైద్యుడి చట్టబద్ధ బాధ్యత. మెడికేర్ వృద్ధులకు, మెడికెయిడ్ తక్కువ ఆదాయం ఉన్నవారికి అన్న తేడా కూడా తెలిసి ఉండాలి.

టెలిగ్రామ్ గ్రూపులో రీకాల్స్, అంటే పరీక్ష రాసినవారు గుర్తుచేసుకుని రాసిన ప్రశ్నలు, అమ్ముతున్నారు. కొనాలా?

కొనవద్దు, ఉచితంగా ఇచ్చినా చదవవద్దు. పరీక్షకు ముందు మీరు అంగీకరించే నిబంధనలలో ప్రశ్నలను బయటపెట్టబోమని, బయటపెట్టినవాటిని వాడబోమని ఉంటుంది. ఉల్లంఘన తేలితే ఫలితాన్ని రద్దు చేయవచ్చు, మళ్లీ రాయకుండా నిషేధించవచ్చు. పదేళ్ల కష్టం ఒక్క ఫైలుతో పోతుంది. పైగా ఎవరో జ్ఞాపకం మీద రాసిన ప్రశ్నకు ఇంకెవరో ఊహించి రాసిన సమాధానం చాలాసార్లు తప్పు. పేషెంటును చూసి ఆలోచించడం నేర్పే పరీక్షను ఇలా దాటితే, రేపు కుర్చీలో కూర్చునే మనిషికి మనం ఏం చేయగలమన్నది నన్ను నిజంగా కలచివేసే ప్రశ్న. పరీక్ష నిర్వాహకులే విడుదల చేసిన నమూనా ప్రశ్నలు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి, ఒక మంచి ప్రశ్నల బ్యాంకును రెండుసార్లు పూర్తిచేయండి.

పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంగ్లీషులో వేగంగా చదవలేను. గట్టెక్కగలనా?

గట్టెక్కగలరు. బీడీఎస్ ఐదేళ్లూ ఇంగ్లీషు పుస్తకాలతోనే నెట్టుకువచ్చారు కాబట్టి పదాలు మీకు తెలుసు, కావలసింది వేగం. రోజుకు ఇరవై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చదవండి. ప్రశ్న చివరి వాక్యాన్ని ముందు చదివి ఏమడిగారో తెలుసుకున్నాక పైకి వెళ్లడం, "కానిది ఏది" అన్న మాట మీద కన్ను నిలపడం అలవాటైతే రెండు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది.

## పరీక్ష జరిగే రెండు రోజులు

రెండు రోజులూ ఎన్ని ప్రశ్నలు, ఎంత సమయం?

మొత్తం 500 ప్రశ్నలు. మొదటి రోజు నాలుగు విభాగాలు: మొదటి మూడింటిలో వందేసి విడి ప్రశ్నలు, నాలుగవ దానిలో పేషెంట్ బాక్స్ మీద ఆధారపడ్డ 60 ప్రశ్నలు. రెండవ రోజు రెండు విభాగాలలో 70 చొప్పున పేషెంట్ బాక్స్ ప్రశ్నలు. ప్రతి విభాగానికీ 105 నిమిషాలు. విరామాలతో కలిపి మొదటి రోజు ఎనిమిది గంటల పైన, రెండవ రోజు నాలుగు గంటల పైన కేంద్రంలో ఉంటారు. రెండవ రోజును మొదటి రోజు తరువాత ఏడు రోజులలోపు పెట్టుకోవచ్చు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తీసుకుని రాయడం నాకు మేలనిపించింది, అయితే దూరం నుంచి వచ్చి హోటల్‌లో ఉండేవారికి వరుస రోజులే అనుకూలం.

టైమ్ సరిపోతుందా? నెగటివ్ మార్కులు ఉన్నాయా?

నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. నీట్ ఎండీఎస్‌లో తప్పుకు మార్కు కోత ఉండడం వల్ల తెలియనిది వదిలేసే అలవాటు పడినవారు దీనిని ప్రయత్నపూర్వకంగా మార్చుకోవాలి. వంద ప్రశ్నల విభాగంలో ఒక్కోదానికి 63 సెకన్లు, 70 ప్రశ్నల విభాగంలో 90 సెకన్లు, 60 ప్రశ్నల విభాగంలో 105 సెకన్లు దొరుకుతాయి. విభాగాన్ని ముగించాక వెనక్కి వెళ్లడం కుదరదు కాబట్టి గుర్తుపెట్టుకున్న ప్రశ్నలకు చివరి పది నిమిషాలు మిగుల్చుకోండి.

మంగళసూత్రం, నల్లపూసలు తీసేయమంటారా? లోపలికి ఏం తీసుకెళ్లవచ్చు?

ప్రోమెట్రిక్ నియమాల ప్రకారం పెళ్లి, నిశ్చితార్థ ఉంగరాలు మినహా ఆభరణాలను సాధారణంగా అనుమతించరు. మంగళసూత్రం తీయడం ఇష్టంలేనివారు పరీక్ష రోజున గుమ్మం దగ్గర వాదనకు దిగకుండా, వారాల ముందుగానే నిర్వాహకులకు రాసి అనుమతి అడగండి. ఫోను, గడియారం, పర్సు, తినుబండారాలు అన్నీ లాకరులో పెట్టాలి. విరామంలో ఫోను ముట్టుకోవద్దు. మొదటి రోజు అరగంట విరామంలో తినడానికి పెరుగన్నం తీసుకెళ్లి లాకరులో పెట్టుకున్నాను. బరువైన భోజనం కంటే అది మేలు చేసింది.

## ఫలితం, ఆ తరువాత

ఫలితం ఎప్పుడు వస్తుంది? ఫెయిలైతే ఎన్నిసార్లు రాయవచ్చు?

సుమారు నాలుగు వారాలలో మీ ఖాతాలోకి వస్తుంది. ఉత్తీర్ణులు కానివారికి స్కోరుతో పాటు ఏ విభాగంలో ఎంత వెనుకబడ్డారో తెలిపే వివరాలు కూడా ఇస్తారు. నిర్ణీత విరామం తరువాత మళ్లీ రాయవచ్చు. మొదటి ప్రయత్నం నుంచి ఐదేళ్లలోపు లేదా ఐదు ప్రయత్నాలలోపు, ఏది ముందు పూర్తయితే దానిలోపు, పాసవ్వాలి. అది దాటితే పన్నెండు నెలలకు ఒక్కసారి మాత్రమే అవకాశం ఉంటుంది. అందుకే "ఒకసారి రాసి చూద్దాం" అని సిద్ధంగా లేకుండా వెళ్లడం మంచిది కాదు. ఫెయిలైనవారు వివరాలపత్రాన్ని ముందు పెట్టుకుని, బలహీనమైన రెండు భాగాలను కొత్త వనరుతో చదవండి. అవే నోట్సును మూడోసారి చదవడం ధైర్యాన్నిస్తుంది గానీ ఫలితాన్ని మార్చదు. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి సిగ్గుపడకండి, ఈ దశలో ఇంటి పనుల్లో వారి సాయం మీకు పుస్తకాలంత అవసరం.

పాసయ్యాను. వెంటనే ఏం చేయాలి?

అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీట్లకు చాలా కళాశాలలు కాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా అభ్యర్థులను తీసుకుంటాయి. దానికి ట్రాన్స్‌క్రిప్టుల మదింపు, టోఫెల్ స్కోరు, సిఫారసు లేఖలు, మీ గురించి మీరు రాసే వ్యాసం కావాలి. పిలుపు వచ్చినవారికి ఇంటర్వ్యూ, పలు చోట్ల బెంచ్ టెస్ట్ ఉంటాయి. అందులో ప్లాస్టిక్ పళ్ల మీద క్రౌన్‌కు పన్ను అరగదీయడం, ఫిల్లింగ్‌కు గుంట తయారుచేయడం, మైనంతో పన్ను ఆకారం మలచడం వంటివి చేయిస్తారు. పాసైన ఆనందంలో హ్యాండ్‌పీస్‌ను నెలల తరబడి పక్కన పెట్టినవారు ఈ గడప దగ్గర వెనుకబడుతున్నారు. ఫలితం కోసం ఎదురుచూసే నాలుగు వారాల్లోనే టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్లున్న దవడ నమూనా) కొని సాధన మొదలుపెట్టండి. కోర్సు ఫీజు సులభంగా లక్ష డాలర్లు దాటుతుంది కాబట్టి అప్పు, పూచీదారు సంగతి కూడా ఇదే సమయంలో ఇంట్లో మాట్లాడుకోవాలి.

కోర్సు అయ్యాక ఏ రాష్ట్రంలోనైనా పనిచేయవచ్చా?

లైసెన్సు రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. అనేక రాష్ట్రాలు అడెక్స్ అనే క్లినికల్ పరీక్షను అంగీకరిస్తాయి. న్యూయార్క్‌లో అయితే తొలి లైసెన్సుకు క్లినికల్ పరీక్షకు బదులుగా ఏడాది రెసిడెన్సీ పూర్తిచేయాలి. కుటుంబం స్థిరపడిన రాష్ట్రం ఏదో, అక్కడి బోర్డు ఏమి కోరుతుందో కళాశాలను ఎంచుకునేటప్పుడే చూసుకోండి. ఇండియాలోని రాష్ట్ర దంతవైద్య మండలిలో మీ రిజిస్ట్రేషన్‌ను మాత్రం గడువు తీరకుండా కొనసాగించండి. మీ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని మండలి ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ ఎప్పుడు ఎవరు అడుగుతారో తెలియదు, తీరిపోయిన రిజిస్ట్రేషన్‌ను అమెరికా నుంచి పునరుద్ధరించుకోవడం చాలా శ్రమతో కూడిన పని.